సీమలో డార్క్ టూరిజం పాఠం: ఒక అధ్యాపకుడి కేస్ స్టడీ

లేపాక్షి గుడికి వచ్చినవాళ్లకు గైడు ముందుగా వేలాడే స్తంభం చూపిస్తాడు. దాని కింద నుంచి గుడ్డ ఇటు దూర్చి అటు లాగాక, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం వైపు తీసుకుపోతాడు. అక్కడ గోడ మీద రెండు ఎర్రటి మచ్చలుంటాయి. అవి విరూపణ్ణ కళ్లు అంటాడు. అచ్యుతదేవరాయల కాలంలో ఖజానా చూసే విరూపణ్ణ, ఆ సొమ్మంతా గుడికే పెట్టేస్తున్నాడని రాజుకు చాడీలు పోయాయట. కళ్లు పీకమని ఆజ్ఞ అయిందట. ఆ పని ఇంకొకరికి మిగల్చకుండా తనే పెరికి గోడకేసి కొట్టాడట. అప్పటిదాకా సెల్ఫీల హడావుడిలో ఉన్న గుంపు ఇక్కడ కాసేపు గమ్మునైపోతుంది. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి పోయి మచ్చను వేలితో తాకి చూస్తారు.

అది నెత్తురా, రాతి రంగా అన్నది తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. నాకు కావాల్సింది ఆ తాకిన వేలు. చావో, శిక్షో, విపత్తో జరిగిన చోటుకు మనిషి బస్సెక్కి ఎందుకొస్తాడు, వచ్చి ఏం చేస్తాడు, ఆ చోటును ఎవరు చూపిస్తున్నారు, దాని మీద ఎవరు బతుకుతున్నారు? ఈ ప్రశ్నలన్నీ కలిసి డార్క్ టూరిజం అనే సబ్జెక్టు అయింది. అనంతపురంలో ఉండి దీన్ని పాఠంగా చెబుతూ, దీని మీదే పరిశోధన చేస్తూ వచ్చిన నా ఉద్యోగాన్నే ఇక్కడ కేసుగా రాస్తున్నాను. టూరిజం, చరిత్ర చెప్పే తోటి అధ్యాపకుల కోసం రాస్తున్నది కాబట్టి ఎక్కడ ఏం పనిచేసిందో, ఏది మానుకున్నామో కూడా చెబుతాను. 2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలోకి పోయాయి. నేను మాత్రం పాత జిల్లాల లెక్కనే మాట్లాడతాను. మా బస్సు డ్రైవర్లు కూడా ఇంకా అట్లే చెబుతారు.

సబ్జెక్టు పుట్టుక, మా సిలబస్‌లో చోటు

1996లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీలో పనిచేస్తున్న మాల్కమ్ ఫోలీ, జాన్ లెనన్ డార్క్ టూరిజం అనే ఈ పేరు పెట్టారు. అదే ఏడాది ఎ.వి. సీటన్ అనే ఇంకో పరిశోధకుడు దీనికే థానటూరిజం అని పేరు పెట్టి, మృత్యువును తలచుకునే యాత్రలు మధ్యయుగాల నుంచీ ఉన్నవేనని వాదించాడు. 2006లో ఫిలిప్ స్టోన్ ఒక స్కేలు గీశాడు. దానికి ఒక కొసన నాజీల మారణ శిబిరం ఆష్విట్జ్ లాంటి అసలు చోట్లు ఉంటాయి. అక్కడ చావులు నిజంగా జరిగాయి, చదువు చెప్పడమే ముఖ్యం, వ్యాపారం తక్కువ. ఇంకో కొసన లండన్ డంజన్ లాంటి, భయపెట్టి నవ్వించే వినోదశాలలు. మిగతావన్నీ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట పడతాయి. 2012లో ఇంగ్లండ్‌లోని సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీలో దీనికోసమే ఒక పరిశోధన కేంద్రం కూడా వచ్చింది. మన దేశంలో పాఠం చెప్పేవాళ్లు మామూలుగా అండమాన్ సెల్యులార్ జైలు, జలియన్‌వాలాబాగ్, భోపాల్ ఉదాహరణలతో మొదలుపెడతారు. జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ సైనికులు లోపలికి వచ్చిన ఇరుకు సందు గోడలకు బొమ్మలు పెట్టి, 2021లో కొత్తగా ముస్తాబు చేసి తెరిచారు. దాని మీద దేశమంతా గొడవైంది. క్లాసులో వాదన పుట్టాలంటే దీనికి మించిన ఉదాహరణ ఇంకోటి దొరకదు.

నేను ఎం.ఏ. చరిత్ర చదివి, టూరిజంలో పీహెచ్‌డీకి వచ్చినవాణ్ణి. నా టాపిక్ వినగానే మా పీహెచ్‌డీ గైడు గారు "దీంతో ఉద్యోగం ఎట్లొస్తుంది నాయనా, టెంపుల్ టూరిజం తీసుకో" అన్నారు. మంత్రాలయం, శ్రీశైలం, పుట్టపర్తి, పక్కనే తిరుపతి ఉన్న ప్రాంతంలో టూరిజం ఉద్యోగమంటే గుళ్ల చుట్టూ తిరిగేదే కాబట్టి ఆయన చెప్పింది సబబే. ఆయన చెప్పిన టాపికే తీసుకుని, అందులో ఒక అధ్యాయం వీరగల్లుల మీద, అంటే కొట్లాటలో చచ్చినవాళ్లకు నిలబెట్టిన రాళ్ల మీద రాశాను. తర్వాత కెరీర్ అంతా ఆ ఒక్క అధ్యాయం నుంచే వచ్చింది.

ఉద్యోగంలో చేరాక సిలబస్ కమిటీ ముందు డార్క్ టూరిజం అనే పేపర్ పెడితే ఒక సభ్యుడు అశుభం అన్నాడు. ఇంకొకాయన అది చేతబడులకు సంబంధించిందేమో అనుకున్నాడు. పేరు పక్కన పెట్టి, అప్పటికే ఉన్న వారసత్వ పర్యాటకం ఎలక్టివ్‌లో 'విషాద స్మృతి స్థలాలు' అని చివరి యూనిట్‌గా చేర్చమన్నాను. ఎవరూ నోరెత్తలేదు. కొత్తగా చేరే అధ్యాపకులకు నా సలహా ఇదే. పేరు కోసం కొట్లాడకండి, ముందు ఒక యూనిట్ సంపాదించుకోండి. యూనిట్ ఉంటే ఫీల్డ్ విజిట్‌కు బస్సు శాంక్షన్ అవుతుంది, ప్రాజెక్టులకు టాపిక్ దొరుకుతుంది. పిల్లలు దాన్ని ఎంచుకోవడం మొదలుపెడితే స్వతంత్ర పేపర్ అవడం కేవలం ఫైలు పని. మా దగ్గర అట్లే అయింది.

స్కేలు మీద పట్టని గూగూడు

మొదట్లో పాఠం స్టోన్ స్కేలు పట్టుకునే నడిచింది. పిల్లలు సీమలోని చోట్లన్నీ దాని మీద పెట్టేవాళ్లు. లేపాక్షి మచ్చలు మధ్యలో. కడప జిల్లా గండికోటలో సైనికులు కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని చెప్పే కత్తుల కోనేరు కొంచెం తేలిక వైపు. ఆ పక్కనే ఉన్న పాత కారాగారం ముదురు వైపు. పరీక్షలో మార్కులకు ఇది బ్రహ్మాండంగా సరిపోయేది. విదేశీ జర్నల్స్‌కు పంపిన పేపర్లలో కూడా రివ్యూయర్లు మొదట అడిగేది, ఈ స్థలం స్కేలు మీద ఎక్కడుంది అనే.

ఒకసారి క్లాసులో నార్పల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గూగూడు సంగతి ఎత్తింది. అనంతపురం జిల్లాలో ఉన్నవాళ్లకు గూగూడు కుళ్లాయిస్వామి గురించి చెప్పక్కర్లేదు. మొహర్రంలో అక్కడికి ఆంధ్ర, కర్ణాటక నుంచి జనం విరగబడి వస్తారు. పీర్లు లేస్తాయి, చక్కెర చదివింపులు చేయిస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. మొహర్రం ఎందుకొచ్చింది? 680లో కర్బలాలో ఇమాం హుసేన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను చంపిన రోజుల జ్ఞాపకం అది. చావును తలచుకునేదానికి ఇంతమంది ప్రయాణం కట్టి వచ్చే చోటు జిల్లాలో ఇంకోటి లేదు. "మా ఇంట్లో ఏటా పోతాం సార్. మా తమ్ముని పేరు కుళ్లాయప్ప. మేం టూరిస్టులమా?" అని అడిగింది.

ఆ గంట అంతా దాని మీదే వాదన నడిచింది. స్కేలు మీద గూగూడును ఎక్కడ పెట్టినా తప్పుగానే కనబడింది. ఆలోచిస్తే మన దగ్గర ఇట్లాంటివే ఎక్కువ. ఊరి కోసమో, ఆవుల మంద కోసమో కొట్లాటలో చచ్చినవానికి నిలబెట్టిన వీరగల్లుకు ఇప్పటికీ పసుపు కుంకుమ పెడతారు. మొగునితో పాటు చితి ఎక్కిన ఆడమనిషి పేరంటాలమ్మ అయి గుడి కట్టించుకుంటుంది. కడప పెద్ద దర్గాలో ఉరుసు జరిగేది పీరు కన్నుమూసిన రోజు గుర్తుగానే. అది ఊరంతటికీ పండగ. చచ్చినవాళ్లు దేవుళ్లయ్యే నేల మీద, చోటు ఎంత ముదురు, ఎంత తేలిక అని కొలవడం వల్ల పెద్దగా తెలిసేదేమీ ఉండదు.

అక్కడి నుంచి పాఠం తిరగరాశాను. స్థలాన్ని కొలవడం మానేసి, వచ్చిన మనిషికి చచ్చినవానితో ఏం వరస అని అడగడం మొదలుపెట్టాం. చుట్టమా, భక్తుడా, చూడవచ్చినవాడా? ఒకే చోటుకు ముగ్గురూ రావచ్చు. ఒకే మనిషి పొద్దున భక్తుడై, మధ్యాహ్నం ఫోను పట్టుకుని చూపరి కావచ్చు. గైడు చెప్పే కథ ఈ ముగ్గురిలో ఎవరి కోసం, ఆ కథ వింటే మిగతా ఇద్దరికి ఎట్లుంటుంది అన్నది ప్రతి ఫీల్డ్ రిపోర్టులో రాయాల్సిన ప్రశ్న. నా పరిశోధనలో కొత్తగా ఏదన్నా ఉందంటే ఇంతే. దీన్నే రకరకాల చోట్ల పరీక్షించి చూశాను.

గుత్తి, కోయిలకుంట్ల

గుత్తి కోటకు ఎక్కే దారి మొదట్లో ఇంగ్లీషువాళ్ల సమాధుల తోట ఉంది. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోతే ఇక్కడికే తెచ్చి పూడ్చారు. దత్తమండలాలు, అంటే నిజాం వదులుకున్న ఈ సీమ జిల్లాలు, ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన 1800 నుంచి 1807 దాకా ఆయనే ఇక్కడ ప్రధాన కలెక్టరు. పదవి దిగి ఇంటికి పోబోతూ, పాత చోటు చివరిసారి చూసి పోదామని వచ్చాడు. 1831లో ఆయన అస్థికలు మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. అంటే గుత్తిలో మన్రో లేడు, ఆయన్ను పెట్టిన చోటే ఉంది. పిల్లలకు మండ్రోలయ్య అని పేర్లు పెట్టుకునేవాళ్లని ఈ వైపు చెప్పుకుంటారు. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి తెచ్చిన దొర మీద ప్రేమ అని కొందరు, కలెక్టరు మీద భయం అని కొందరు.

ఇక్కడ విద్యార్థులకు ఇచ్చే పని చాలా చిన్నది. తోటలో కాసేపు నిలబడి కంటికి కనబడింది మాత్రమే రాయాలి. బాధగా ఉంది, ఒళ్లు జలదరించింది లాంటివి రాస్తే కొట్టేస్తాను. ఆ తర్వాత కోట మీదికి పోతాం. 1776లో హైదరాలీ ఈ కోటను ముట్టడించినప్పుడు లోపల నీళ్లు అయిపోయి, గుత్తిని ఏలుతున్న మరాఠా సర్దారు మురారిరావు లొంగిపోయాడు. బందీగా కబ్బాళదుర్గంలో చనిపోయాడు. కోటలో దాహంతో అల్లాడిన సిపాయిలవి, నీళ్లు మోసినవాళ్లవి పేర్లు ఎక్కడున్నాయని అడుగుతాను. కింద రాళ్ల మీద ఇంగ్లీషులో చెక్కిన పేర్లున్నాయి, పైన బావులు, గోడలు మాత్రమే ఉన్నాయి. రిపోర్టుల్లో ఎక్కువమంది ఈ తేడాను తమంతట తామే పట్టుకుంటారు.

కోయిలకుంట్ల దీనికన్నా కష్టమైన పాఠం. 1846లో కంపెనీ మీద తిరగబడ్డ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అక్కడ జనం ముందు ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా, అంటే 30 ఏళ్లు, దించలేదు. చావును చూడ్డానికి పెట్టడమంటే ఇంతకన్నా పచ్చిగా ఇంకేముంటుంది? చూపరులు కావాలని కోరుకున్నది ఇక్కడ సర్కారే. చూసి భయపడి ఇంటికి పోవాలని. సినిమా వచ్చాక ఇప్పుడు జనం అభిమానంతో వస్తున్నారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. తెల్లవాడు భయం కోసం చూపించిన చోటునే మనం గర్వం కోసం చూపిస్తున్నాం. చూపరి చూపు ఇంతగా మారిపోయినప్పుడు అక్కడ గైడు ఏం చెప్పాలి? సినిమాలో చూసిన యుద్ధం చెప్పమని జనం అడుగుతారు. ఉరికంబం, తల, 30 ఏళ్లు గురించి చెబితే మొహాలు వాడిపోతాయి. అయినా చెప్పాల్సిందే అన్నది నా పట్టు. గైడు ట్రైనింగ్‌లో దీని మీద నాతో వాదించేవాళ్లు ఉన్నారు, టిప్పు రాదని వాళ్ల గోడు. అదీ నిజమే.

ఆ తల దించిన 1877లోనే ఇదే కర్నూలు జిల్లాలో మనుషులు ఆకలికి రాలిపోతున్నారు. 1876–78 కరువును ఇప్పటికీ ధాత కరువు అంటారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. కరువు చూడ్డానికి సర్కారు పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో కూలికి ఇచ్చే గింజలు రోజుకు ఒక పౌనుకు, అంటే అర కిలో కన్నా తక్కువకు కోసేశాడు. ఇంతమంది చచ్చిన విపత్తుకు ఏదన్నా గుర్తు వెతుక్కుని రమ్మంటే పిల్లలు ఫోటో తీసుకునేకి ఏమీ దొరక్క వెనక్కి వస్తారు. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో గంజి పోసి జనాన్ని బతికించిన బుడ్డా వెంగళరెడ్డి మీద పాటలున్నాయి, ఆయనదీ ఉయ్యాలవాడే. పెట్టినవాని పేరు నిలిచింది, తినక చచ్చినవాళ్ల పేర్లు పోయాయి. కరువు చావులకు చుట్టాలుగా మిగిలింది మనమే అయినా చూడబోయే చోటు లేదు. మా సిలబస్‌లో దీన్ని ఖాళీ స్థలం అనే శీర్షిక కింద పెట్టాను.

చెయ్యేటి ఒడ్డున

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది 2021 నవంబర్ 19. కార్తీక పౌర్ణమి రోజు. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ వరద మీద పడి కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద పడింది. తర్వాతి వారాల్లో అధికారులు, నాయకులు, యూట్యూబ్ చానళ్లవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే, తెగిన కట్ట చూసిపోదామని ఊరికే వచ్చినవాళ్లు కూడా.

మా విద్యార్థులు అక్కడికి ఫీల్డ్ విజిట్ అడిగారు. కుదరదన్నాను. బస్సులో ముప్పై నలభై మంది దిగి నోటుబుక్కులు తెరిస్తే, అక్కడ ఉన్నవాళ్లంతా చుట్టాలు, మేమంతా చూపరులం. మధ్యలో భక్తుడు కూడా లేడు. అదే ప్రాంతపు కుర్రవాడు ఒకడు ప్రాజెక్టు చేస్తానన్నాడు. వాడికి ఒప్పుకున్నాను, షరతుల మీద. ఫోటో తీయకూడదు. పోయినవాళ్ల గురించి తను అడగకూడదు, వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. ఎవరన్నా ఏడుస్తే రికార్డింగ్ ఆపేయాలి. అడగాల్సింది ఒకటే, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎట్లా ప్రవర్తించారు అని.

మొదటి ఇంట్లోనే చిక్కొచ్చింది. పరిశోధన నియమాల ప్రకారం సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. తెలుగులోనే రాసుకుపోయాడు. ఆ ఇంటి ముసలామె కాగితం చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఏమబ్బోడా, దీని మీద వేలిముద్ర ఏస్తే మాకు రావాల్సిన ఇల్లు ఆగిపోదు గదా?" అంది. వరద తర్వాత ఆమె చూసిన కాగితాలన్నీ పరిహారానికో, ఇంటి స్థలానికో, లెక్కలకో. యూనివర్సిటీ కాగితం వేరని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? అప్పటి నుంచి మా దగ్గర విపత్తు ప్రాంతాల్లో రాతపూర్వక సంతకం లేదు. ఊర్లో వాళ్లు నమ్మే ఒక మనిషి ఎదుట నోటిమాటగా ఒప్పుకుంటే అది రికార్డు చేస్తాం. దీన్ని నైతిక కమిటీకి నచ్చచెప్పడానికి చాలా కాగితాలు రాయాల్సి వచ్చింది, కానీ ఒప్పుకున్నారు.

వాడి ప్రాజెక్టులో తేలిందేమంటే, అక్కడివాళ్లకు వచ్చినవాళ్ల మీదకన్నా వచ్చిన తీరు మీద కోపం. కారు దిగకుండా వీడియో తీసినవాళ్లను తిట్టారు. బియ్యం మూట దించి కూర్చుని మాట్లాడినవాళ్ల ఊరు, పేరు చెప్పారు. తెగిన కట్ట దగ్గర సెల్ఫీ దిగిన ఒక జంట గురించి మాత్రం ఇంటింటా ఒకే మాట. ఆ మాట ఇక్కడ రాయను.

చూపించనివి

ఫ్యాక్షన్ గురించి చెప్పకపోతే సీమ బయటివాళ్లు ఊరుకోరు. కోస్తా నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చే విద్యార్థి బృందాలు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర దిగగానే అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఫ్యాక్షన్ ఊరు ఏదన్నా చూపిస్తారా?" సినిమాల్లో సుమోలు గాల్లోకి లేవడం చూసి వచ్చిన పిల్లలు వాళ్లు. నేను తీసుకుపోను. ఆ ఇళ్లలో మనుషులున్నారు. కొన్ని కేసులు ఇంకా కోర్టుల్లో ఉన్నాయి. ఊరి పేరు చెబితే సంబంధాలు కుదరని ఆడపిల్లలున్నారు. వాళ్ల ఇంటి ముందు బస్సు ఆపి ఇదిగో ఇక్కడే అని చెప్పడం పర్యాటకం కిందికి రాదు. క్లాసులో మాత్రం దాన్ని వదలను. బయటివాళ్లు సీమను ఎందుకు ఇట్లా చూడాలనుకుంటున్నారు అన్నది మంచి పరిశోధన ప్రశ్న. మా పిల్లలు దాని మీద రాసిన ప్రాజెక్టులు బాగున్నాయి, కోపంగా కూడా ఉన్నాయి.

కెరీర్ సంగతి క్లుప్తంగా. ఈ సబ్జెక్టు వల్ల నాకు ప్రమోషన్ తొందరగా రాలేదు, ఆగిపోనూ లేదు. పేపర్లు వేసుకునేకి జర్నల్స్ తక్కువ, సమీక్షకులు దూరంగా ఉంటారు. ఆ లోటు మానవశాస్త్రం, చరిత్ర జర్నల్స్‌లో రాసి పూడ్చుకున్నాను. విద్యార్థుల్లో ఎక్కువమంది గుడి పర్యాటకం, హోటళ్ల వైపే పోయారు. ఒకరిద్దరు గైడు లైసెన్సు తీసుకుని గండికోటలో పనిచేస్తున్నారు. కత్తుల కోనేరు కథ చెప్పేటప్పుడు "అని ఇక్కడి పెద్దలు చెప్తారు" అన్న తోక తగిలించడం వాళ్లు నా దగ్గర నేర్చుకున్నదే.

ఇప్పుడు చేతిలో ఉన్న పని కర్నూలు పాతబస్తీది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చాయి. దిగువన ఉన్న శ్రీశైలం జలాశయం తట్టుకోవాల్సిన లెక్క 19 లక్షల క్యూసెక్కులైతే, ఆ వరదలో 25 లక్షలు దాటి వచ్చాయి. కర్నూలులో ఆ వీధుల వాళ్లు దీని గురించి చెప్పడానికి వెనకాడరు, పిలిచి మరీ చెబుతారు. ద్వారబంధం పైన ఎంత ఎత్తు దాకా నీళ్లు నిలిచాయో చేత్తో చూపిస్తారు, ఏ మిద్దె మీద ఎంతమంది ఎక్కారో పేర్లతో సహా అప్పజెబుతారు. ఇక్కడ చుట్టాలే గైడ్లు. వాళ్లతో కలిసి ఒక నడక దారి తయారు చేస్తున్నాం. వీధివాళ్లు పెట్టిన షరతులు మూడు. ఇళ్లలోకి రాకూడదు, శుక్రవారం నమాజు వేళ వద్దు, కథ చెప్పిన మనిషికి అక్కడే చేతికి డబ్బులివ్వాలి, కాలేజీ చెక్కులు కుదరవు. మొదటి రెండూ రాసుకున్నాం. మూడోదానికి అకౌంట్స్ సెక్షన్ రసీదు అడుగుతోంది, మనిషికి ఎంతివ్వాలన్న రేటు కూడా ఇంకా తేలలేదు.